రెండో బాక్సు దాటని ఓబుళేశు

కడప,
జూలై 6, 2025

మా ఓబుళేశు మామకు మేనకోడలు సాహితి నమస్కారాలు.

ఇంతవరకు నీకు మెసేజీలు తప్ప ఉత్తరం రాసిన పాపాన పోలేదు. పోస్టాఫీసులో కవరు అడిగితే అక్కడున్నామె నన్ను పైనుంచి కిందికి చూసింది. ఏం చేయను, తాగుడు మాన్పించే ఆ కేంద్రంలో నీ ఫోను మొదటిరోజే తీసుకుని బీరువాలో పెట్టారట కదా. తొంభై రోజులూ ఉత్తరాలే దిక్కు, అవీ ఆదివారమే ఇస్తారు, సారు చదివాకే ఇస్తారు అని అమ్మ చెప్పింది. చదువుతున్న సారూ, మీకూ నమస్కారం.

నిన్ను చేర్పించి వచ్చి రెండు వారాలైనా అమ్మ మనసు ఇంకా కర్నూలు పక్కన ఆ కల్లూరులోనే ఉన్నట్టుంది. "మా తమ్మునికి కడుపు నిండా పెడతాండారో లేదో" అని ముద్ద ఎత్తినప్పుడల్లా అంటుంది. అని తను మాత్రం తింటుంది.

నా ఉద్యోగం సంగతి నీకు ఎన్నిసార్లు చెప్పినా అర్థం కాలేదు. హైదరాబాదులో స్పానిష్ చదివి, కడపలో మిద్దె మీద గదిలో కూర్చుని ఏం చేస్తావే అనేవాడివి. భాషలు నేర్పే ఒక కంపెనీకి మాటల పట్టికలు తయారు చేస్తాను మామా. వాళ్ళు ఇంగ్లీషు మాట ఇస్తారు, దానికి సరిపోయే స్పానిష్ మాట నేను వెతకాలి. ఈసారి ఏ పట్టిక వచ్చిందో తెలుసా? తాగినవాణ్ణి ఇంగ్లీషులో ఎన్ని రకాలుగా అంటారో అన్నీ. నలభై మూడు మాటలు! ఒకడు సుత్తి దెబ్బ తిన్నవాడట, ఒకడు గోడకు సిమెంటు పూసినట్టు పూసినవాడట, ఒకడికి కాళ్ళే లేవట. స్పానిష్ వాళ్ళు తక్కువేం తినలేదు. వాళ్ళకు ఒకడు నిప్పురవ్వ తగిలినవాడు, ఒకడు పీపాలా ఉన్నవాడు, ఒకడు గుడ్డివాడు. నిద్రపోయి మత్తు దించుకోవడాన్ని కోతిని నిద్రపుచ్చడం అంటారు.

చిక్కల్లా ఏ మాటకు ఏ మాట జోడీ అన్నదే. ఎంత మత్తుకు ఏ మాటో తెలియాలి. నాకు బీరు వాసన కూడా తెలియదు, నాన్నను అడిగితే ఇంట్లో నుంచి వెళ్ళగొడతాడు. స్పెయిన్‌లో కూర్చుని నా పని సరిచూసే రెజీనా అనే ఆవిడ మొదటి పది జోడీల్లో ఆరు కొట్టేసింది. "ఇతను ఇంకా నడవగలడు, నువ్వు అప్పుడే పడుకోబెట్టావు" అని రాసింది.

మన వంశంలో ఈ విద్యలో నిన్ను మించినవాడు లేడు. కోప్పడకు. మత్తుకు ఎన్ని అంతస్తులో, ఏ అంతస్తులో మనిషి ఏం చేస్తాడో రాసి పంపు.

గురమ్మత్త గురించి అడుగుతావని తెలుసు. ఫోను చేశాను, బాగుంది. నీ మాట ఆమె ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

నీ సాహితి


కల్లూరు,
జూలై 13

చిరంజీవి సాహితిని మామ ఓబుళేశు దీవించి రాసేది.

కడుపు నిండా పెడుతున్నారని మీ అమ్మకు చెప్పు. పొద్దున రాగిజావ, తర్వాత యోగా. నలభై ఎనిమిదేళ్ళుగా వంగని నడుము ఇప్పుడు వంగుతోంది. వంగింది మళ్ళీ లేవడమే కష్టంగా ఉంది. నా పక్క మంచం తిమ్మయ్య అని రిటైరైన బస్సు డ్రైవరు. మధ్యాహ్నం కునుకులో కూడా గేర్లు మారుస్తుంటాడు.

నువ్వడిగింది చదివి చాలా సంతోషమైంది. ఇంతకాలానికి నా అనుభవం ఒకరికి పనికొచ్చింది. పత్తికొండ టమోటా మార్కెట్లో ఇరవై రెండేళ్ళుగా వేలం వేస్తున్నవాణ్ణి. ఏ సరుకైనా బాక్సుల్లో పోస్తేనే నాకు తెలుస్తుంది. కాబట్టి ఐదు బాక్సులు పెట్టుకో.

మొదటి బాక్సు హుషారు. పచ్చికాయ. లోపల ఒక గ్లాసు పడింది, మనిషి అప్పుడే తలంటి పోసుకున్నట్టు ఉంటాడు. రెండోది నిషా. దోరకాయ అన్నమాట. ఎదురొచ్చిన ప్రతివాణ్ణీ బావా, మామా అని వరస కలుపుతాడు. మూడోది కైపు, పండుకాయ. ప్రభుత్వం ఎట్లా నడపాలో ఇతనికి తప్ప ఎవరికీ తెలియదు. నాలుగు ఫుల్లు. మెత్తబడింది, దూరపు ఊళ్ళకు పోదు, ఉన్నచోటనే అమ్ముకోవాలి. చెప్పులొకచోట, మనిషొకచోట. ఐదు చిత్తు. అది పారబోసేది, గొడ్లు కూడా మూతి పెట్టవు.

నేనైతే ఇన్నేళ్ళలో రెండో బాక్సు దాటలేదు. జాతరకో, పెళ్ళికో ఒకసారి మూడు. ఇది రాసి పెట్టుకో. మరి ఇక్కడెందుకు చేరావంటావా? మీ అమ్మ పోరు పడలేక.

ఇప్పుడు నా పని ఒకటి నువ్వు చేయాలి. తొంభయ్యో రోజు ఇంటివాళ్ళెవరైనా వచ్చి సంతకం పెట్టి తీసుకుపోవాలి. మీ అమ్మ వస్తానంది. నాకు మీ అత్త రావాలి. నేను బయలుదేరిన రోజు ఆమె వంటింట్లోంచి ఇవతలికి రాలేదు. పోయి రా అని కూడా అనలేదు. ఇప్పటికి ఇక్కడికి ఒక్కసారీ రాలేదు. ఆమె వచ్చి సంతకం పెట్టకపోతే ఆ ఇంటికి నేను ఏమని పోవాలి? నేనడిగినట్టు కాకుండా నీకే తోచినట్టు చెప్పి చూడు.

మామ ఓబుళేశు


కడప,
జూలై 27

మామా,

నువ్వు మామవు కాదు, ప్రొఫెసరువి. నీ బాక్సులు పెట్టుకున్నాక పని చకచకా సాగుతోంది. మొదటి బాక్సులో అచిస్పాదో వేశాను, నిప్పురవ్వ తగిలినవాడు అదే. రెండో బాక్సులో అలేగ్రే, పిరిపి సర్దేశాను. బొర్రాచో మూడో బాక్సుకు, వచ్చే వారం అది పంపిస్తాను. రెజీనా ఈసారి రెండే కొట్టేసింది.

పోయిన ఆదివారం పత్తికొండకు పోయాను. అత్త ఇంకా నువ్వు వేలం వేసే మార్కెట్లోనే కొనేవాళ్ళ తరఫున టమోటాలు ఏరి రకాలు చేస్తోంది. మధ్యాహ్నానికి ఇంటికొచ్చాక నీ ఉత్తరం ఇచ్చాను. నాకే తోచినట్టు చెప్పమన్నావు కానీ నాకు అబద్ధాలు రావు, వచ్చినా అత్త ముందు నిలవవు.

ఐదు బాక్సులూ చదివి బాగానే నవ్వింది. రెండో బాక్సు దాటలేదన్నచోట ఇంకా నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఆ తర్వాత నవ్వలేదు.

"రైతు తన కాయకు తానే గ్రేడు వేసుకుంటాడా పాపా? మన మార్కెట్లో యాడన్నా సూసినావా? తెచ్చినోడు ప్రతివాడూ నాది ఫస్టు రకమే అంటాడు. కొనే పక్క మనిషి చెయ్యి పెట్టి సూసి ఏరల్ల" అంది.

తర్వాత మిరపకాయలకు తొడిమలు తీస్తూ తన గ్రేడులు చెప్పుకుపోయింది. నేను ఆరు పేజీలు రాసుకున్నాను. అవి నా పనికి వాడుకుంటాను, నీకు మాత్రం పంపను. ఎందుకని అడగకు.

తొంభయ్యో రోజు సంగతి కూడా విన్నది. విని "టీ తాగుతావా?" అంది.

సాహితి


కల్లూరు,
ఆగస్టు 3

సాహితీ,

నీ ఉత్తరం నా చేతికి రాకముందే నా పరువు పోయింది. మా కౌన్సిలరు జ్ఞానరాజు సారు పిలిపించాడు. నీ మొదటి ఉత్తరం వచ్చినప్పుడు ఆయన సెలవులో ఉన్నాడు, ఇదే మొదటిసారి చదవడం. బల్ల మీద నీ ఉత్తరం, దాని నిండా ఎర్ర పెన్ను గీతలు.

"ఏమప్పా ఓబుళేశూ, మూడో బాక్సు ఈడికి ఏ దినం దిగుతాది?" అన్నాడు. "రెండో బాక్సులో అలేగ్రే, పిరిపి సర్దినాదంట. ఇవేం బ్రాండ్లు? నేను యాడా సూడలేదే!"

నువ్వు మందు పంపిస్తున్నావనుకున్నాడు తల్లీ! అవి స్పెయిన్ దేశం మాటలని, బాక్సులంటే టమోటాలని, మా పాప చదువుకున్న పిల్ల అని అరగంట చెప్పుకున్నాను. నమ్మాక ఆయన నవ్విన నవ్వుకు పక్క గదిలో వాళ్ళు లేచి వచ్చారు.

అంతటితో వదిలేస్తే బాగుండేది. సాయంత్రం అందరినీ కూర్చోబెట్టి నా బాక్సుల సంగతి నాచేతనే చెప్పించాడు. ఎవరిది ఏ బాక్సో చెప్పమన్నాడు. ముప్పై మందిమి ఉన్నాం. ముప్పై మందీ రెండో బాక్సే అన్నారు. తిమ్మయ్య అయితే ఒకటిన్నర అన్నాడు.

"సరేప్పా. మరి మిమ్మల్ని ఇంటోళ్ళు ఈడికి ఎందుకు మోసుకొచ్చినారు?" అన్నాడు సారు.

నాకు ఆ రోజునుంచి అన్నం సరిగా పోవడం లేదు. మీ అత్త చెప్పిన ఆరు పేజీలు పంపు. నా గురించి చెప్పింది నాకు దాచిపెట్టడం ఏం న్యాయం? సారు కూడా పంపమన్నాడు.

ఓబుళేశు


కడప,
ఆగస్టు 10

మామా,

నువ్వే అడిగావు కాబట్టి రాస్తున్నాను. అత్త బాక్సులు వాడలేదు. పొద్దు గూకేవేళ పొయ్యి దగ్గర కూర్చుని, నీ మొహం చూడకుండా, గేటు చప్పుడు వినే లెక్క కట్టేదట.

గొళ్ళెం మెల్లగా, చప్పుడు కాకుండా తీశావంటే ఒక గ్లాసు. "తాగనోడు గొళ్ళెం గురించి ఆలోచన చేస్తాడా? దడాలున తీసుకోని వస్తాడు. మెల్లగ తీసినాడంటేనే నాకు తెలిసిపోతాండె" అంది. చెప్పులు రెండూ జత చేసి గోడకు ఆనించి పెట్టావంటే దాని పై మెట్టు.

చేతిలో బజ్జీల పొట్లం ఉంటే మూడు. పొట్లం ఎంత పెద్దదైతే అంత తాగినట్టట. "మీ మామ బజ్జీలు తెచ్చిన దినం నేను ఒకటి గూడా తినలేదు. ఆ సంగతి ఆయప్పకు ఈ పొద్దుటికీ తెలీదు" అంది.

"గురమ్మగారూ, మంచినీళ్ళు ఇప్పిస్తారా" అని మర్యాద మొదలైతే నాలుగు. ఇది చెప్పేటప్పుడు నీ గొంతు పెట్టి చెప్పింది. అచ్చం నువ్వే.

ఐదోది వేలం. మామా, ఇది నీకు ఎవరైనా చెప్పారా? వాకిట్లో నిలబడి ఇంట్లో సామాన్లన్నీ వేలం వేసేవాడివట. మంచం, బిందెలు, గ్యాసు సిలిండరు. పక్కింటి ఈరక్క గోడ మీదుగా ఏదో ఒక ధర పాడేదాకా వదిలేవాడివి కాదట. ఒకరోజు అత్తను కూడా వేలానికి పెట్టావట.

"ఎవరు పాడినారత్తా?" అని నేను నవ్వుతూనే అడిగాను.

"ఎవరూ పాడల్యా. ఆయప్పే పాడుకున్నాడు. పాడుకోని, నా పెండ్లాన్ని కొనేటోడే లేడని గోడకు ఆనుకోని ఏడ్సినాడు. నవ్వల్లో ఏడ్వల్లో నాకే తెలీల్యా" అంది.

ఆరోది అన్నిటికన్నా పైది. గేటు బయట నిలబడిపోతావట. రమ్మంటే "ఇది మా ఇల్లు కాదు, మా ఇంట్లో మంచోళ్ళు ఉంటారు" అంటావట. అత్త వచ్చి గేటుకు ఇవతల కింద కూర్చునేదట, నీకు ఇల్లు గుర్తొచ్చేదాకా. అట్లా ఎన్నిసార్లు అని అడిగాను. వేళ్ళు మడవడం మొదలుపెట్టి, మధ్యలో ఆపేసింది.

వీటిని ఇంగ్లీషులో రాసి, వీటి ప్రకారం మిగతా మాటలకు జోడీలు కట్టి రెజీనాకు పంపాను. ఒక్కటి కూడా కొట్టేయలేదు. మత్తును ఇంత దగ్గరగా చూసి రాసినవాళ్ళను తను ఎరగదట. ఈమె ఏ యూనివర్సిటీలో పనిచేస్తారు అని అడిగింది. పత్తికొండలో టమోటాలు ఏరుతుంది అని రాశాను.

కోపం వస్తే నా మీద చూపించు. అత్త మీద మాత్రం వద్దు.

సాహితి


కల్లూరు,
ఆగస్టు 31

సాహితీ,

రెండు ఆదివారాలు పెన్ను పట్టుకుని కూర్చుని లేచిపోయాను.

కోపం రాలేదమ్మా. నాకు ఏ ఒక్కటీ గుర్తు లేదు, అదీ నా బాధ. మా గురమ్మకు బజ్జీలంటే ప్రాణమని మార్కెట్లో అందరికీ చెప్పుకున్నాను. బజ్జీలవాడు కూడా నాతో అదే అనేవాడు. ఆమె ఏం చేసేది వాటిని? కుక్కకు వేసేదా? ఇరవై ఏళ్ళు ఒక ఇంట్లో ఉండి ఇంత చిన్న సంగతి తెలియలేదు నాకు.

సారు ఆ ఉత్తరాన్ని అందరిలో చదువుతావా అన్నాడు. మొదటి పేజీ దాటలేకపోయాను. తిమ్మయ్య తీసుకుని చదివాడు. వేలం దగ్గర అందరూ నవ్వారు, నేనూ నవ్వాను, నవ్వకుండా ఉండలేం కదా. గేటు దగ్గరికి వచ్చేసరికి తిమ్మయ్య ఆపేశాడు. ఆయన భార్య పోయి నాలుగేళ్ళైందట. "నాకు సెప్పేదానికి ఎవరూ ల్యారు ఓబుళేశూ. నాది ఏ బాక్సో ఇంగ నాకు తెలియనే తెలియదు" అన్నాడు. ఆ రోజు మేమెవరమూ క్యారమ్స్ ఆడలేదు.

సిగ్గుగా ఉంది సాహితీ. అంత చూసిన మనిషిని వచ్చి సంతకం పెట్టమని ఏ మొహంతో అడిగాను? ఇంక ఆమెను అడగొద్దు. బలవంతం అసలే చేయొద్దు. మీ అమ్మనే రమ్మను, మీ ఇంట్లో నాలుగు రోజులుండి తర్వాత ఏదో ఒకటి చూసుకుంటాను.

రాగిజావ బాగుంది. నడుము లేస్తోంది. ఈ రెండూ మీ అమ్మకు చెప్పు.

ఓబుళేశు


కడప,
సెప్టెంబరు 7

మామా,

నలభై మూడు మాటలూ ఒప్పుకున్నారు. పని అయిపోయింది. కంపెనీవాళ్ళు మెచ్చుకున్నారు, నాన్న మాత్రం అది దేని గురించో ఇంకా అడగలేదు, అడక్కుండా ఉంటే బాగుండు.

నీ ఉత్తరం పట్టుకుని నిన్న మళ్ళీ పత్తికొండకు పోయాను. రావద్దన్నావని చెప్పాను. "అట్లన్నాడా?" అంది. మళ్ళీ "అట్లనే అన్నాడా? ఉత్తరంలో యాడ రాసినాడు, సూపియ్యి" అంది. వేలు పెట్టి చూపించాను. ఆ ముక్క ఒక్కటే నాలుగుసార్లు చదువుకుంది.

తర్వాత నా పని గురించి అడిగింది, ఎప్పుడూ అడగనిది. "తాగినోనికి అన్ని మాటలు ఉండాయి కదా, తాగకుండా ఉండేటోన్ని ఏమంటారు ఆ భాషలో?" అంది. సోబ్రియో అని చెప్పాను. "అంతేనా? ఒకటేనా?" అని నిరాశపడింది. ఇంకా ఉన్నాయేమో వెతుకుతానన్నాను.

క్యాలెండరు తీసి ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టింది. కర్నూలుకు పొద్దున్నే బస్సు ఎన్నింటికని ఈరక్కను అడిగింది. నేను ఏమీ అనలేదు, బలవంతం చేయొద్దన్నావు కదా. చూసింది చూసినట్టు రాస్తున్నాను.

సాహితి


కల్లూరు,
సెప్టెంబరు 14

సాహితీ,

మీ అత్త వచ్చింది.

గురువారం వచ్చింది. తొంభయ్యో రోజుకు ఇంకా ఏడు రోజులున్నాయి, బంధువులు వచ్చే రోజు కూడా కాదు. వాచ్‌మన్ లోపలికి వదల్లేదు. "తీయప్పా, నేనేం మందు తేలేదు. సంచిలో ఆయప్ప అంగీలు ఉండాయి, కావాలంటే సూసుకో" అని గట్టిగా అంటుంటే గొంతు గుర్తుపట్టి పరుగెత్తాను. యోగా గుడ్డల్లో ఉన్నాను, అట్లనే పోయాను.

చాలాసేపు చూసింది. తర్వాత "పా, ఇంటికి పోదాం. కాయ దిగుతాండాది మార్కెట్లో. నువ్వు ల్యాకుంటే ఎవరెవరో వేలం వేస్తాండారు, ఒక్క మాట ఇనపడదు. ఇల్లు గూడా సప్పుడు ల్యాకుండా ఉండాది. సంతకం యాడ పెట్టల్లో సెప్పు" అంది.

సారు కాగితం తెచ్చాడు. ఇంటివాళ్ళు వచ్చి కోరితే ముందే పంపిస్తారట. చివరి వారం ఉండి పోతేనే మంచిదని, ఇంక మీ ఇష్టమని అన్నాడు. మీ అత్త పెన్ను తీసుకుంది.

ఎనభై మూడు రోజులుగా నేను దేనికోసం చూశానో నీకు తెలుసు. చెప్పులు వేసుకుందామని గదిలోకి పోయాను కూడా. ఒకటి వేసుకున్నాను. రెండోది వేసుకోకుండా మంచం మీద కూర్చుండిపోయాను. మళ్ళీ బయటికి వచ్చి "ఇప్పుడు వద్దు గురమ్మా" అన్నాను.

"ఏమి? బాగనే ఉండావు కదా" అంది.

"బాగుండానని నాకూ అనిపిస్తాంది. నాకు ఎప్పుడు అనిపించల్యా? అన్నేండ్లూ బాగుండాననే అనుకుంటి. ఈసారి నేను సెప్పకూడదు. సారు సెప్పనీ. ఏడు దినాలు ఉండనీ నన్ను" అన్నాను.

ఆమెకు కోపమొచ్చింది. పెన్ను బల్ల మీద పడేసి "బస్సూ ఆటోలూ మారి, ఇంత దూరం వచ్చినా నేను" అంది. సంచి చంకన పెట్టుకుని వెనక్కి చూడకుండా నడిచింది. ఇంక అయిపోయింది, రమ్మని ప్రాణం పెట్టి, వచ్చినామెను పంపించేశాను, ఇట్లాంటి మూర్ఖుడు ఈ జిల్లాలో ఉంటాడా అనుకున్నాను.

పోయి వాచ్‌మన్ దగ్గర ఆగింది. "ఈడ ఏడు దినాలకు గది యాడన్నా బాడుగకు దొరుకుతాదా?" అని అడిగింది.

వాచ్‌మన్ వాళ్ళ మరదలి మిద్దె మీద గది దొరికింది. రోజూ నాలుగింటికి వచ్చి పావుగంట కూర్చోవడానికి సారు ఒప్పుకున్నాడు. నిన్న వచ్చి తిమ్మయ్యతో మాట్లాడుతూనే పావుగంటా గడిపింది. ఆయనది ఏ బాక్సో కనుక్కుంటుందట. నేను పక్కన కూర్చుని విన్నాను.

మీ అమ్మకు పద్దెనిమిదో తేదీ రావాల్సిన పని లేదని చెప్పు. సంతకం పెట్టే మనిషి వీధి అవతలే ఉంది.

మామ ఓబుళేశు